అమెరికాలో ఫుల్ సైజ్ కారు అద్దెకి తీసుకుంటున్నారా? ముందు పెట్టెలు లెక్కపెట్టండి

నమస్కారం అండీ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి రావాలి, ఆ తర్వాత నాలుగు రోజులు నయాగరా వైపు తిరగాలి. ఇంట్లో ఉన్న చిన్న కారు చాలదు. అద్దె సైట్‌లో ‘ఫుల్ సైజ్’ అని కనిపించగానే చాలామంది బుక్ చేసేస్తారు. ఒక్క నిమిషం ఆగండి.

ఇక్కడి అద్దె కంపెనీల లెక్కలో ఫుల్ సైజ్ అంటే టయోటా క్యామ్రీ, నిస్సాన్ ఆల్టిమా లాంటి సెడాన్. మనుషులు ఐదుగురు పడతారు. డిక్కీ మాత్రం సుమారు 15 ఘనపుటడుగులు, అంటే 425 లీటర్లు. ఇప్పుడు సామాను సంగతి. ఇండియా నుంచి వచ్చే చాలా టికెట్లకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఇద్దరికీ నాలుగు. ఆవకాయ, కారప్పొడులు, పిల్లలకి బట్టలు అన్నీ సర్దాక ఏ పెట్టే ఖాళీగా రాదు. 78 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 30 మందం ఉన్న పెట్టె 117 లీటర్లు. నాలుగూ కలిపితే 468. కాగితం మీదే పట్టలేదు, ఇక డిక్కీలో చక్రాల గూళ్లు, మూత కీళ్లు తినేసే చోటు వేరే. రెండు పెద్దవి, సందుల్లో చేతిసంచులు, అంతే. వెనక సీటు మడిస్తే మూడోది దూరుతుంది, కానీ అమ్మ ఎక్కడ కూర్చోవాలి?

బరువు కూడా చూడండి. డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అందులో రాసి ఉంటుంది.

అందుకే నాలుగు పెట్టెలంటే మినీవ్యాన్ తీసుకోండి. క్రైస్లర్ పసిఫికాలో మూడో వరస సీట్లు లేపి ఉంచినా వెనక 32 ఘనపుటడుగులు మిగులుతుంది. నేల తక్కువ ఎత్తు, తలుపు పక్కకి జరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎత్తైన ఎస్‌యూవీ కన్నా ఇదే సుఖం. పెట్టెలు రెండే అయితే ఫుల్ సైజ్ చాలు, పెట్రోలూ కలిసొస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర తొందరపడొద్దు. మీ సొంత కారు పాలసీ అద్దె కారుకీ వర్తిస్తుందేమో ముందే ఫోన్ చేసి అడగండి. క్రెడిట్ కార్డు రక్షణ కావాలంటే సాధారణంగా అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కౌంటర్‌లో ఇచ్చే డ్యామేజ్ వేవర్ (కారు దెబ్బతిన్నా మీ దగ్గర వసూలు చేయబోమని కంపెనీ డబ్బు తీసుకుని ఇచ్చే హామీ) వద్దనాలి. కార్డు సాధారణంగా చూసుకునేది అద్దె కారుకి జరిగిన నష్టమే. అవతలి కారుకో మనిషికో జరిగిన నష్టం దానికి పట్టదు. నాన్నగారు కాసేపు నడుపుతానంటే ఒప్పందంలో ఆయన పేరు ఉండాల్సిందే. లేకపోతే రక్షణ నిలబడకపోవచ్చు.

తాళం అందగానే కారు చుట్టూ వీడియో తీయండి. చక్రాల రిమ్ములు, బంపర్ కింది అంచు, అద్దం మీద చిన్న పగులు, పెట్రోల్ ముల్లు, కారు అప్పటిదాకా తిరిగిన మైళ్ల అంకె అన్నీ పడాలి. పగుళ్లు చీకటి పార్కింగ్‌లో కనపడవు, ఫోన్ లైటు వేయండి.

ఇక టోల్. మీ ఈజీపాస్ (ఆగకుండానే టోల్ కట్టే ట్యాగ్) ఖాతాలో అద్దె కారు నంబర్ ఆ తేదీలకి చేర్చి, ట్యాగ్ వెంట పెట్టుకోండి. కారు అప్పగించిన రోజే ఆ నంబర్ తీసేయండి. లేకపోతే తర్వాత దాన్ని నడిపేవాళ్ల టోల్ మీ ఖాతాలో పడుతుంది.