సముద్రంలో ఉప్పును మనమే కొలవాలి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మన నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇస్కపల్లి నుంచి వచ్చిన మత్స్యకార సోదరులకు, చేపల బుట్ట దించి వచ్చిన అక్కచెల్లెళ్లకు, ఆక్వా రైతులకు నమస్కారం. ప్రపంచ మత్స్య దినోత్సవమైన ఈ నవంబరు 21 నాటికి మన ఒడ్డున ఏటా ఒక పెద్ద మార్పు సాగుతూ ఉంటుంది. నేను చెప్పదలచింది దాని గురించే.

ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ఉత్తరానికి సాగే ప్రవాహం, అక్టోబరు నాటికి దక్షిణానికి మళ్లుతుంది. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి వర్షాకాలంలో సముద్రంలో కలిపిన మంచినీటిని అది సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు పట్టీగా ఒడ్డును ఆనించి తీసుకువస్తుంది. ఉప్పు తగ్గి తేలికైన ఆ నీరు కిందినీటితో త్వరగా కలవక, పలుచగా పైనే నిలిచి, చలికాలపు గాలులకు తొందరగా చల్లబడుతుంది. కనుక డిసెంబరు, జనవరి నెలల్లో ఉప్పు మారేచోటే వేడిమీ మారుతూ ఉంటుంది.

ఆ హద్దును నేను కళ్లారా చూశాను. రొయ్యల చెరువు రైతు ఒకరు ఇచ్చిన రిఫ్రాక్టోమీటరు, అంటే నీటి చుక్కలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం, జేబులో పెట్టుకొని, ఒక నవంబరులో మా ఊరి బోటు ఎక్కాను. ఎదురుగా నురుగు గీత. దాని పొడవునా గుర్రపుడెక్క తుంటలు, కొబ్బరి డొక్కలు. ఒడ్డు వైపు నీరు మడ్డిపచ్చ, అవతల నీలం. ఇవతలి చుక్కను గాజు మీద వేసి చూస్తే ఉప్పు వెయ్యికి 26 పాళ్లు. గీత దాటి కొంచెం ముందుకు పోగానే 31! రెండు నీళ్లు ఒరుసుకొనేచోట తేలియాడే మేత పోగుపడుతుంది, దాని వెంట చేపలు వస్తాయి. నేను అంకెలు రాసుకొనేలోపే సరంగు ఆ గీత వెంబడే వల దింపించాడు.

రేవులో ఉప్పు కొలిపించమని ఒక కార్యాలయానికి అర్జీ పెడితే, ఉపగ్రహాలు చూస్తున్నాయి గదా అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది. 2015లో ఎగిరిన స్మాప్ వంటి ఉపగ్రహాలు లవణీయతను పదుల కిలోమీటర్ల మేర సగటుగానే చూపగలవు. తీరం దగ్గర నేల సంకేతం కలిసి లెక్క చెడుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వేరే ఉపగ్రహాలతో నీటి ఉష్ణోగ్రతను, పత్రహరితాన్ని చూసి ఇచ్చే వేట సూచనలు విలువైనవే, కాని ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్మితే ఆ ఉపగ్రహాలకు నీరు కనబడదు. మనకు అవసరమైన నెలలూ అవే.

పైగా ఏ రెండేళ్లూ ఒకటి కావు. 2019లో లాగా హిందూ మహాసముద్రం తూర్పుకన్నా పడమటి వైపు మామూలును మించి వేడెక్కితే, అంటే హిందూ మహాసముద్ర ద్విధ్రువం ధనాత్మకమైతే, దక్షిణపు ప్రవాహం బలహీనపడుతుంది, మంచినీటి పట్టీ అంత దూరం రాదు. 2016లో లాగా దానికి ఎదురుగా, రుణాత్మకమైతే, ఆ పట్టీ మరింత దక్షిణానికి సాగుతుంది. ఏ ఏడు అది మన ముందు ఎంత వెడల్పున పారిందో చెప్పే పుస్తకం మన రేవులో ఒక్కటీ లేదు.

ఆక్వా రైతులారా, ఉప్పు ఎంతుందో చూసుకోకుండా మీరు చెరువులో రొయ్య పిల్ల వదులుతారా? ఇంత కడలిని నమ్ముకొని అది కొలవకుండా ఎలా ఉంటున్నాం? మీ దగ్గర అదనంగా ఉన్న పరికరాలు బోట్లకు ఇవ్వండి, బోటు యజమానులు బకెట్టుతో పైనీరు తోడి, వేడి, ఉప్పు, జీపీఎస్ చూపిన చోటు, వేళ రాయించండి. నేను తెచ్చిన పరికరాలు ఈ బల్ల మీద ఉన్నాయి, సభ ముగియగానే తీసుకోండి. కొలిచే ముందు ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, గీత సున్నా మీద నిలిచిందో లేదో చూసుకోవాలి.