చలిలో ఇంజిన్ అంకెలు: నల్లగొండ డిప్లొమా విద్యార్థుల సభలో ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువాలు తర్వాత చూసుకుందాం.

చలిలో జెట్ ఇంజిన్ బాగా లాగుతుందని అందరూ అంటారు. గాలి చిక్కబడుతుంది, థ్రస్ట్, అంటే ఇంజిన్ ముందుకు తోసే బలం, పెరుగుతుంది, నిజమే. కానీ ఆ మాట పట్టుకొని యుద్ధవిమానం ఇంజిన్ మీటర్లో కనబడ్డ అంకెను అట్లనే రిపోర్టులో ఎక్కించేస్తున్నారు. నా కొట్లాట దానితోనే. వేర్వేరు వాతావరణాల్లో తీసిన అంకెలను పోల్చాలంటే ముందు వాటిని ప్రామాణిక వాతావరణానికి మార్చుకోవాలి.

వెనక వరుసల వాళ్లు జర పెన్నులు తీయండి. ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, అంటే 288 కెల్విన్. మైనస్ 15 అయితే 258. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే నిష్పత్తి 0.896. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మీటర్లో 560 డిగ్రీలు ఉందనుకోండి. కెల్విన్‌లో 833; దాన్ని 0.896తో భాగిస్తే 930, అంటే 657 డిగ్రీలు. 97 డిగ్రీల తేడా! అరిగిన టర్బైన్ చలికాలమంతా ఆ తేడా చాటున దాక్కొని, మన 42 డిగ్రీల ఎండలో బయటపడుతుంది.

ఆర్పీఎంను, అంటే ఇంజిన్ తిరిగే వేగాన్ని, ఆ నిష్పత్తి వర్గమూలంతో భాగించాలి, అది 0.946. మీటర్ 95 శాతం అంటుంటే, గాలిని నొక్కే కంప్రెసర్‌కు అది 100.4. సర్జ్ మార్జిన్, అంటే కంప్రెసర్‌లో గాలి వెనక్కి తన్నే స్థితికి ఇంకా ఎంత దూరం ఉన్నామో, చూడాల్సింది ఆ అంకె దగ్గర, 95 దగ్గర కాదు.

ఇగ లద్దాఖ్‌లోని లేహ్ సంగతి. ఎత్తు సుమారు 3,250 మీటర్లు, పీడనం సముద్రమట్టంలో మూడింట రెండు వంతులు. మైనస్ 15లో కూడా ఘనపు మీటరు గాలి దాదాపు 0.92 కిలోలే. నల్లగొండ మే నెల మధ్యాహ్నపు గాలి 1.05 పైనే ఉంటుంది! చలి ఒక్కటే చూస్తే మోసపోతాం. థ్రస్టును పీడన నిష్పత్తితో, అంటే అక్కడి పీడనానికి సముద్రమట్టపు పీడనంతో ఉన్న నిష్పత్తితో, భాగించకుండా పోల్చకండి.

స్టార్ట్ పరీక్షకు బయటి గాలి చల్లబడితే చాలదు. ట్యాంకులో ఆయిల్, ఇంధనం కూడా ఆ చలికి దిగాలి. రాత్రంతా బయట నిలపాలి. స్టార్టర్ పట్టిన క్షణం నుంచి మంట అంటుకునే దాకా, అక్కడి నుంచి ఐడిల్, అంటే ఇంజిన్ తనంతట తాను నిలకడగా తిరిగే కనిష్ఠ వేగం, దాకా టైము రాయండి. ఆర్పీఎం మధ్యలో ఆగి ఎగ్జాస్ట్ వేడి పెరుగుతూ పోతే ఇంధనం కట్ చేయాల్సిందే. ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ మొదట ఎక్కువే చూపుతుంది. అది దిగేదాకా థ్రాటిల్ ముట్టొద్దు.

మంచు గురించి ఒక మాట. మైనస్ 30 పొడిగాలి కన్నా సున్నాకు పైన మూడు నాలుగు డిగ్రీల తేమగాలి ప్రమాదం. నేల మీద ఇంజిన్ గాలిని పీల్చేటప్పుడు ఇన్‌టేక్‌లో వేగం పెరిగి ఉష్ణోగ్రత సున్నా కిందికి పడుతుంది. అంచుకు పేరుకున్న గడ్డ ఊడి బ్లేడ్లను వంచుతుంది. అందుకే యాంటీ ఐస్, కంప్రెసర్ వేడిగాలిని ఆ అంచుకు పంపి మంచు పట్టకుండా చూసే ఏర్పాటు. దాని వాల్వు తెరిస్తే కంప్రెసర్ గాలి అటు పోతుంది, థ్రస్ట్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. థ్రస్ట్ అంకె పక్కనే వాల్వు తెరిచి ఉందా, మూసి ఉందా రాయండి. అది లేని రిపోర్టు మీద సంతకం పెట్టకండి.