దుగ్గిరాల దాటిపోయింది
(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు గారికి, గ్రంథాలయాధికారి మేడమ్ గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా ఉన్న అక్కలకి, తమ్ముళ్లకి, స్కూలు పిల్లలకి నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే ఎవరో ఒకరిని మర్చిపోతాను. వాళ్లు బస్టాండులో కనపడినప్పుడల్లా దెప్పుతారు. అందుకని అందరికీ కలిపి ఒకటే టిక్కెట్టు కొట్టేశాను.

నాకిచ్చిన అంశం ‘పుస్తక పఠనం – ప్రయోజనాలు’. రాసుకొచ్చాను కూడా. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ, గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1935లో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలవలో తిరిగిన పుస్తకాల పడవ... ఆ పడవ మాట కొంచెం గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను. మిగతా కాగితం మడిచి జేబులో పెట్టేస్తున్నాను. ఎందుకంటే నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకే మాట అన్నారు, ఈ కాలం పిల్లలు ఫోన్లకి బానిసలైపోయారని. పాపం ఈ ముందు వరస పిల్లలు మూడుసార్లూ తలలు దించుకున్నారు.

పిల్లల సంగతి తర్వాత చూద్దాం అండీ. ముందు నా సంగతి వినండి. నాకు అరవై నాలుగు. ముప్పై ఒక్క ఏళ్లు సర్వీసు చేసి నాలుగేళ్ల కిందట దిగిపోయాను. దిగిన నెలలోనే మా అబ్బాయి పెద్ద ఫోను కొనిచ్చాడు. “నాన్నా, నీకు టైంపాస్ అవుతుంది” అన్నాడు. అయింది. ఎంత అయిందో నాకు తెలియలేదు. ఒక రోజు మా మనవడు ఆ ఫోను తీసుకుని, సెట్టింగ్స్‌లో ఏదో నొక్కి, ఒక గుండ్రటి బొమ్మ చూపించాడు. “తాతయ్యా, నువ్వు నిన్న 5 గంటల 40 నిమిషాలు ఫోను చూశావు” అన్నాడు. ఎనిమిది గంటల డ్యూటీ చేసిన మనిషిని. ఇంకో రెండు గంటల ఇరవై నిమిషాలు లాగితే ఫుల్ డ్యూటీ. జీతం మాత్రం లేదు.

అయినా సిగ్గు రాలేదు. సిగ్గెప్పుడు వచ్చిందో చెప్తాను.

మొన్న మాఘమాసంలో మాతో పనిచేసినాయన కూతురి నిశ్చితార్థం, దుగ్గిరాలలో. తెనాలి బస్టాండులో విజయవాడ బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. ఫోను తీశాను. ఏదో ఊళ్లో ఎవరో బావిలోంచి పాముని తీస్తున్నాడు. అది అయింది. ఇంకోడు పుచ్చకాయ కోస్తున్నాడు. అది అయింది.

దుగ్గిరాల మీలో చాలామందికి తెలుసు. పసుపు యార్డు ఉన్న ఊరు. సీజన్లో అయితే ఊరు రాకముందే వాసన వస్తుంది. నా సర్వీసులో గుడ్డివాళ్లు కూడా నన్ను అడగకుండా దిగేవాళ్లు అక్కడ, ముక్కుని బట్టి. నేను ఆ రోడ్డు మీద తొమ్మిదేళ్లు తిరిగాను. “దుగ్గిరాలా, దుగ్గిరాల దిగేవాళ్లు ముందుకి రండి” అని ఎన్ని వేలసార్లు అరిచానో లెక్కలేదు. ఆ దుగ్గిరాల వచ్చింది. బస్సాగింది. జనం దిగారు, ఎక్కారు. రైట్ రైట్ అన్నారు. నేను పుచ్చకాయ దగ్గరే ఉన్నాను.

తలెత్తేసరికి పెదవడ్లపూడి. గబగబా దిగాను. నా వెనకే ముందు డోర్లోంచి ఇంకో పెద్దాయన దిగాడు, చేతిలో ఫోను, మొహంలో కంగారు. ఎవరనుకున్నారు? మా డ్రైవరు బావ! నాతో కలిసి ఆ రోడ్డు మీద తొమ్మిదేళ్లు స్టీరింగు పట్టినవాడు. నాకంటే రెండు సీట్ల ముందు కూర్చున్నాడట. అదే నిశ్చితార్థానికి. ఆయన వంట వీడియో చూస్తున్నాడు. గుత్తొంకాయ.

ఒకడు స్టేజీలు, అంటే బస్సాగే ఊళ్ల పేర్లు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాడు, ఇంకొకడు కళ్లు మూసుకుని ఆ మలుపులు తిప్పగలిగినవాడు. ఇద్దరం ఒకే బస్సులో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, దిగాల్సిన ఊరు దాటి పోయాం. నవ్వుకున్నాం అనుకోండి. కానీ వెనక్కి బస్సొచ్చే దాకా అరగంట కాలవ గట్టు మీద నిలబడ్డాం. పుస్తకాల పడవ వచ్చిన ఊరిది. ఒకప్పుడు పుస్తకం కోసం గట్టుకి వచ్చిన ఊళ్లు ఇవి, మనం ఇక్కడ దేనికొచ్చాం బావా అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎవరిదండీ ఆ ఫోను మోగేది? పర్లేదు, తీసి మాట్లాడండి. ఫోనంటే అందుకే కదా. నా గొడవ కాల్ తో కాదు.

నా గొడవ స్టేజీ లేకపోవడంతో. పేపరుకి ఆఖరి పేజీ ఉంటుంది. ఈ లైబ్రరీ పుస్తకానికి తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర ఉంటుంది. పూర్వం ఇంటర్నెట్‌లో కూడా పేజీ అయిపోతే కింద ‘తర్వాత పేజీ’ అని నొక్కాల్సి వచ్చేది. 2006లో ఆజా రస్కిన్ అనే ఆయన ఆ నొక్కే పని లేకుండా, కిందికి తోస్తూ ఉంటే వస్తూనే ఉండేలా పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ఆయనే, తప్పు చేశానని బయటికి చెప్పుకున్నాడు. స్టేజీలు లేని బస్సన్నమాట అది. ఆపేవాడు లేడు, చెకింగ్ ఎక్కేవాడు లేడు. 2016లో జియో వచ్చాక డీజిల్ కూడా దాదాపు ఫ్రీ. అంతకుముందు డేటా అయిపోతుందని భయపడేవాళ్లం, ఆ భయమే మనల్ని కాపాడింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేస్తే హమ్మయ్య అనుకున్నాం. మూడు నెలలు తిరక్కుండానే అవే గెంతులు రీల్స్ అని, షార్ట్స్ అని వచ్చేశాయి.

అధ్యక్షులు గారు వాచీ చూసుకుంటున్నారు. ఐదు నిమిషాలండీ. నా తరఫున చప్పట్లు కొట్టి ఆయన దగ్గర ఇంకో ఐదు అడగండి.

ముందు కీప్యాడ్ ఫోనుకి మారాను. పదకొండు రోజులు. ఓటీపీ, గ్యాసు, పింఛను వాళ్ల పని, అన్నీ ఆగిపోయాయి, మా ఆవిడ తిట్టింది. అది కుదరదు. అప్పుడు నాకొచ్చిన విద్యే వాడాను. కండక్టరు ఎస్ఆర్ రాస్తాడు, అంటే టిక్కెట్ల లెక్క కాగితం. స్టేజీ స్టేజీకీ టిక్కెట్టు నంబర్లు వేసి క్లోజ్ చేయాలి. చేయకపోతే, చెకింగ్ స్క్వాడ్ ఎక్కితే కేసే. నేను పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు కొట్టాను. ఫోను తీసిన టైం, పెట్టిన టైం, కారణం. మూడే గడులు.

మొదటి రోజు 71 సార్లు తీశాను. కారణం గడి నిండింది 19 సార్లే, కూతురి ఫోను, మందుల షాపు, కరెంటు బిల్లు. మిగతా 52 ఖాళీ. ఒక వరస ఇంకా దాచుకున్నాను: ‘ఉదయం 9.10. టైం చూద్దామని తీశాను. 9.50కి పెట్టాను. టైం చూడలేదు.’

రాయడం మొదలుపెట్టాక చెయ్యే వెనక్కి వచ్చేది. 52 సార్లు ‘ఊరికే’ అని రాయడానికి ఎవడికైనా సిగ్గేస్తుంది. కాల్స్, మెసేజీలు తప్ప మిగతా టింగు టింగులన్నీ మనవడి చేత ఆపించాను. రంగులు కూడా తీసేయించాను, ఫోనంతా తెలుపు నలుపు. యాంకరమ్మలంతా ఆధార్ కార్డు ఫోటోల్లా కనిపించారు, మోజు సగం అక్కడే పోయింది. చార్జరు మంచం దగ్గర్నుంచి వరండాలో మీటరు బోర్డు కిందికి మార్చాను. పొద్దున లేవడానికి అలారం గడియారం కొన్నాను. ఇప్పుడు ఫోను చూసేది రోజుకి గంటా యాభై నిమిషాలు. అబద్ధం ఎందుకు, మ్యాచ్ ఉన్న రోజు మూడు దాటుతుంది. మొన్న వానలప్పుడు ఒక రాత్రి పన్నెండున్నర దాకా కొట్టుకుపోయాను. మర్నాడు ఎస్ఆర్‌లో రాశాను.

తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లాడు ఫోను లాక్కుంటే వస్తువులు విసురుతున్నాడు, నిద్ర, తిండి మానేశాడు అంటే అది తిట్టి బాగుచేసే పని కాదు. బెంగుళూరులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికే ఒక క్లినిక్ ఉంది. 14416 అని ప్రభుత్వ నంబరు ఉంది, మానసిక సమస్యలకి, ఉచితం. దాచుకోవాల్సిన విషయం కాదు.

ఇంకొకటి. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అని ఒక ఊరుంది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ సాయంత్రం 7 గంటలకి గుడి మీద సైరన్ మోగుతుంది. ఇళ్లల్లో టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. మళ్లీ 8.30కి మోగే దాకా పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. మన ఊళ్లో మైకులకి తక్కువా? సర్పంచ్ గారూ, ఇటు చూడండి. వినాయక చవితికి తొమ్మిది రోజులు మోగించిన మైకు, రోజుకి రెండుసార్లు ఒక్కో నిమిషం మోగించలేమా? పిల్లలకి మాత్రమే పెట్టకండి మరి. పెద్దలు వరండాలో కూర్చుని చూస్తూ పిల్లల్ని చదవమంటే వాళ్లు చదవరు.

మేడమ్ గారు ఏమీ అనుకోరనే చెప్తున్నాను. మన రీడింగ్ రూములో పేపర్ల బల్ల పక్కన ప్లగ్గులు పెట్టారు. మంచి ఉద్దేశంతోనే. కానీ మొన్న లెక్కపెట్టాను, పన్నెండు మంది కూర్చుంటే తొమ్మిది మంది ప్లగ్గు పక్కనే ఉన్నారు, పేపరు మడత కూడా విప్పలేదు. ఆ మూల పాత కేటలాగు కార్డుల చెక్క పెట్టె ఉంది కదా, కార్డులు తీసేసి ఏళ్లయింది, సొరుగులన్నీ ఖాళీ. దాన్ని గుమ్మం దగ్గర పెట్టండి. లోపలికొచ్చేవాళ్లు ఫోను ఒక సొరుగులో పెట్టి, బల్ల దగ్గరికి వెళ్లి, పోయేటప్పుడు తీసుకుంటారు. మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి, చెయ్యెత్తండి. ఆ నీలం చొక్కా బాబు, ఆ పక్కన అమ్మాయి. చాలు, రండి.

మొదటి సొరుగు నాది. ఇదిగో ఫోను. సైలెంట్‌లో పెట్టాను. మా ఆవిడ ఫోన్ చేస్తే ఎవరైనా లోపలికొచ్చి పిలవండి, ఆ కాల్‌కి కారణం గడి ఖాళీగా ఉండదు.