మేడ మీదికి నెట్ ఎలా తీసుకెళ్లాలి

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు నలుగురైదుగురు వచ్చినట్టున్నారు. ముందు వాళ్లకే ఒక మాట. గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే, నెట్ బాక్సు పెట్టబోయే చోటి నుంచి మేడ మీద హాలు దాకా, తర్వాత నెట్ కేబులు లాగడానికి ఒక ఖాళీ పైపు వేయించుకోండి. కరెంటు వైర్లు లాగే పైపు కాదు, దానికి విడిగా ఇంకోటి.

మా ఇంట్లో నేనా పని చేయలేదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు కింద టీవీ వెనకాల బాక్సు బిగించి వెళ్లాడు. కింద గదులన్నిట్లో నెట్ బాగానే వచ్చేది. మేడ మీద మా అమ్మాయి మాత్రం ఆన్‌లైన్ క్లాసు వినాలంటే పుస్తకాలు పట్టుకుని మెట్ల మీదికొచ్చి కూర్చునేది. దాదాపు ఏడాది పిల్ల ఆ మెట్ల మీదే చదివింది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కావలసింది ఇరవై మీటర్ల కేబులు, అంతే.

ఇంకా ఎక్కువ స్పీడు ప్లాను తీసుకుంటే పైకి అందదా అని చాలామంది అడుగుతారు. అందదండీ. ప్లాను లెక్క వీధిలోంచి బాక్సు దాకానే. అక్కడి నుంచి ఫోను దాకా మోసేది రేడియో తరంగం. దానికి మన స్లాబూ, అందులోని ఇనప చువ్వలూ అడ్డం. వైఫైలో రెండు రకాల సిగ్నళ్లుంటాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా మోస్తుంది గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోతుంది, కానీ అందులో ఒకదానితో ఒకటి కలగాపులగం కాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్లో అందరి రౌటర్లూ, అంటే ఈ నెట్ బాక్సులన్నీ, ఆ మూడింట్లోనే కిక్కిరిసి ఉంటాయి. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే, ప్లగ్గులో పెట్టే చవక రిపీటర్‌కు ఉన్నది ఒక్కటే రేడియో. దాంతోనే అందుకోవాలి, దాంతోనే మళ్లీ పంపాలి. సగం వేగం అక్కడే పోతుంది.

కేబులుకు ఈ బాధ లేదు. క్యాట్ 6 అనే రకం నెట్ కేబులు 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. లోపల ఎనిమిది తీగలు, రెండేసి మెలేసి నాలుగు జతలుగా ఉంటాయి. కేబులు చివర బిగించే ప్లాస్టిక్ ముక్కే జాక్. దాని క్లిప్పు కిందికి, తీగలు దూర్చే వైపు మన వైపుకి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. రెండో చివరా ఇదే వరస.

నేను మొదటిసారి క్రింపింగ్, అంటే జాక్‌లో తీగలు నొక్కి బిగించడం, చేసినప్పుడు నెట్ వచ్చింది గానీ, 200 ఎంబీపీఎస్ ప్లానుకి 95 దాటలేదు. రౌటర్ పాడైందనుకున్నాను. చివరికి జాక్‌ని వెలుతురుకు పెట్టి చూస్తే నీలం తీగ చివరి దాకా వెళ్లలేదు. 100 ఎంబీపీఎస్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. అంతకు మించి కావాలంటే ఎనిమిది తీగలూ తగలాలి. ఆ జాక్ కత్తిరించి కొత్తది వేశాను.

కేబులు పై చివర మేడ మీద పెట్టేది మామూలు పాత రౌటరైనా పర్లేదు. దాని సెట్టింగుల్లో అడ్రసు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు, 192.168.1.2 లాంటిదానికి మార్చండి. కింది బాక్సు 192.168.1.1 అయితేనే సుమా, ముందు చూసుకోండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇంట్లో ప్రతి ఫోనుకీ, టీవీకీ నంబరు పంచిపెట్టేది అదే. పంచేది ఒక్కరే ఉండాలి, ఇద్దరు పంచితే గందరగోళం. కింది నుంచి వచ్చిన కేబుల్ని పై రౌటర్‌లో బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాదు, ఇంట్లో పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్‌లో పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది, కింది ప్రింటర్ పైవాళ్ల ల్యాప్‌టాప్‌కి కనపడదు. వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెడితే, మెట్లెక్కుతున్నప్పుడు ఫోను తనంతట తానే మారుతుంది. కరెంటు పోయినా నెట్ ఉండాలంటే రెండు బాక్సులకీ చిన్న యూపీఎస్ కావాలి.

ఈ బల్ల మీద కేబుల్ ముక్కలు, జాక్‌లు, రెండు క్రింపింగ్ టూళ్లు, ఒక టెస్టర్ పెట్టాను. ఎవరు ముందు చేస్తారు? మీరు రండమ్మా, ఆ నారింజ తెలుపుతో మొదలుపెడదాం.