నెట్ సెంటర్ వాళ్ళ మెయిల్ ఐడీ

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికీ, నాకు కామర్స్ చెప్పిన మాస్టారికీ, కంప్యూటర్స్ మేడం గారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, పొద్దున్నుంచీ కుర్చీలు మోస్తున్న ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకీ, అందరికీ. దండ వద్దన్నాను, వేసేశారు. శాలువా కూడా కప్పారు, ఈ ఉక్కలో దీన్ని తీసి పక్కన పెడుతున్నా, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన టాపిక్ విద్యార్థులు ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ ఎలా పెట్టుకోవాలి అని. ఇరవై నిమిషాలన్నారు. కాగితం మీద తొమ్మిది పాయింట్లు రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున్న కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడితే ఒక పాత సంగతి గుర్తొచ్చింది, అది చెప్పకపోతే మిగతావేవీ నా నోట్లోంచి రావు.

2009. మాది ముక్తేశ్వరం పక్కనే. నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు, రోజంతా గునపం ముందే. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నా. అమలాపురంలో ఒక నెట్ సెంటర్ ఉండేది, పేరెందుకులెండి, గంటకి పదిహేను రూపాయలు. అక్కడ కూర్చునే కుర్రాడే అందరికీ బయోడేటా టైప్ చేసిపెట్టేవాడు. తండ్రి పేరు, కులం, మతం, ఎత్తు, బరువు అన్నీ ఉండేవి అందులో, పుట్టుమచ్చలు తప్ప. మెయిల్ ఐడీ ఏదన్నా అన్నాడు. నాకు లేదన్నాను. "మన సెంటర్‌ది పెట్టేద్దాం, ఏదన్నా వస్తే నేను చెప్తాగా" అన్నాడు. పెట్టేశాం. జాబ్ సైట్‌లో ఎక్కించింది కూడా అతనే.

కాకినాడలో ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ పెట్టారు. ఆ సంగతి నాకు తెలిసింది ఇరవై మూడు రోజుల తర్వాత, అదీ వేరే ఫారం నింపడానికి వెళ్తే, "అన్నా, నీకేదో వచ్చినట్టుంది చూడు" అన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయి అప్పటికే రెండు వారాలు. అయినా మనసాగక మర్నాడే పంటెక్కి కోటిపల్లి దిగి, ద్రాక్షారామం మీదుగా బస్సులో కాకినాడ వెళ్ళాను, గేటు దగ్గర ఆయన లోపలికి ఫోన్ చేసి, పోస్టులు నిండిపోయాయి బాబూ, కాస్త మంచినీళ్ళు తాగి వెళ్ళు అన్నాడు. తిరిగి రేవుకి వచ్చేసరికి ఆఖరి పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి రేవులోనే పడుకున్నా. నాన్నకి మాత్రం ఫ్రెండ్ ఇంట్లో ఉండిపోయానని చెప్పాను. నిజం చెప్పలేదు, ఆయన పోయేదాకా కూడా చెప్పలేదు.

సరే. నీళ్ళివ్వమ్మా.

మీకిప్పుడు ఫోన్లోనే మెయిల్ ఉంది కదా, ఈయనేంటి పాత పురాణం అనుకుంటున్నారు. నేనిప్పుడు హైదరాబాద్‌లో చేసేది రెజ్యూమేలు చూసే పనే. మొన్న ఒక కుర్రాడిది మన జిల్లా అని చూసి ముచ్చటపడి ఫోన్ చేశాను, ఆ నంబరు వాళ్ళ బావది, బావ దుబాయ్‌లో ఉన్నాడంట. ఇంకొకడి మెయిల్ ఐడీ కూల్‌బాయ్, వెనకాల 143. నవ్వకండి, మీలో ఎంతమందికి అలాంటివి ఉన్నాయో నాకు తెలుసు. ఇంటర్‌లో పెట్టుకుని ఉంటారు, తప్పులేదు, కానీ ఉద్యోగానికి మీ పేరుతో ఇంకోటి చేసుకోండి, దాని పాస్‌వర్డ్ మీకే తెలియాలి, రోజూ తెరవాలి.

పేరంటే ఇంకోటి చెప్పాలి. మన వైపు అన్నవరం స్వామి దయ, నా ఈడు వాళ్ళలో సగం మందిమి వీర వెంకట సత్యనారాయణలమే. టెన్త్ మెమోలో పొడి అక్షరాలు, పాన్ కార్డులో పూర్తి పేరు, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట 'టీ' పక్కన 'హెచ్' ఉంటుంది, ఒకచోట ఉండదు. కంపెనీలో వెరిఫికేషన్ చేసేవాళ్ళకి అన్నవరం తెలీదు కదండీ, నలుగురు వేరే మనుషులనుకుంటారు. మెమోలో ఎలా ఉందో అలాగే రెజ్యూమేలోనూ, ఉద్యోగాల కోసం ప్రొఫైల్ పెట్టుకునే లింక్డ్‌ఇన్ సైట్‌లోనూ పెట్టండి.

లింక్డ్‌ఇన్ గురించి చెప్పమని మేడం గారు గట్టిగా అన్నారు. అది 2003లో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది, రూపాయలు కాదు డాలర్లు. అంత డబ్బు దేనికి పెట్టారు? మనం రాసుకునే వివరాల కోసమే. మరి ఆ రాసేదేదో సరిగ్గా రాయాలి కదా. పేరు కింద హెడ్‌లైన్ అని 220 అక్షరాల జాగా ఇస్తాడు, మనవాళ్ళు అందులో "ఉద్యోగం కోసం వెతుకుతున్నాను" అని రాసి వదిలేస్తారు. వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది నాయనా, నీకేం వచ్చో చెప్పు. ట్యాలీ వచ్చా, పైథాన్ వచ్చా, జీఎస్‌టీ రిటర్న్ వేయడం వచ్చా, అది రాయి. ఆడపిల్లలు కొందరు ఇంట్లో ఫోటో పెట్టొద్దంటున్నారని అడిగారు ఇందాక. ఫోటో ఎవరికి కనపడాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చమ్మా, పరిచయస్తులకే పెట్టుకోండి, నాన్నగారికి కూడా అది చూపించండి.

ఇక ప్రాజెక్టులు. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. ముఖం చూసి అటెండెన్స్ వేసే ప్రాజెక్టు, ఒకే కాలేజీ నుంచి నలభై రెజ్యూమేల్లో ఒకటే! కొని పెట్టుకున్నది. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో లింక్ కూడా ఇస్తారు ధైర్యంగా, ఫోర్క్ చేసినదైతే, అంటే వేరేవాళ్ళ కోడ్ కాపీ తెచ్చుకున్నదైతే, ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో పేరు కిందే రాసి ఉంటుంది, కమిట్లు, అంటే కోడ్ ఎప్పుడెప్పుడు ఎక్కించారో చెప్పే చిట్టా, చూస్తే మొత్తం కోడ్ ఒక్క రాత్రిలో ఎక్కించినట్టు తేదీలే చెప్తాయి.

భీమవరం వైపు నుంచి ఒకమ్మాయి అప్లై చేసింది, డిగ్రీయే, మార్కులు కూడా మామూలే. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు లీజుకి చేస్తారంట. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కదా, ఈ పిల్ల ఒక పంట మొత్తం పొద్దున్నా రాత్రీ రీడింగ్ రాసి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో కరెంటు బిల్లు ఎంతయ్యిందో ఎక్సెల్‌లో పెట్టి, గ్రాఫ్ గీసి లింక్డ్‌ఇన్‌లో పెట్టింది. కింద తన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, రెండు తప్పులు. మధ్యలో పది రోజులు రీడింగులు లేవు, అప్పుడు జ్వరం అని కూడా రాసేసింది. ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు ఆ చెరువు గురించే మాట్లాడుకున్నాం. మీ ఇళ్ళలో లేవా చెరువులు, కొబ్బరి దింపులు, నర్సాపురం వైపు పిల్లలకైతే అమ్మలు అల్లే లేసు? లెక్కలు మీ కళ్ళముందే ఉన్నాయి కదా, వేరేవాళ్ళ ముఖాలు గుర్తుపట్టే ప్రాజెక్టు మీకెందుకు?

మాస్టారు గడియారం చూస్తున్నారు, అయిపోయింది మాస్టారూ, ఒక్క నిమిషం. ఆధార్ నంబరు, డోర్ నంబరు, నాన్న సంతకం ఉన్న పీడీఎఫ్‌లు ఎక్కడా అందరికీ కనపడేలా పెట్టకండి. రెజ్యూమేకి ఫోను, మెయిల్, ఊరు పేరు చాలు. కులం అక్కర్లేదు.

ఇప్పుడందరూ ఫోన్లు తీయండి. మీ పేరు కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో కొట్టండి, పక్కన ఊరి పేరు కూడా. నేను కిందటి నెల నా పేరు కొట్టాను. ఆ 2009 నాటి బయోడేటా ఇంకా ఒక సైట్‌లో ఉంది, నాన్న పేరుతో సహా. తీసేయమని మూడుసార్లు రాశాను, జవాబు లేదు. అందులో మెయిల్ ఐడీ ఆ నెట్ సెంటర్‌దే, ఆ సెంటరేమో మూసేసి ఇప్పుడు చెప్పుల కొట్టు అయ్యింది.

కొట్టారా? ఆ వెనక వరసలో నవ్వుతున్న బాబూ, ఏం వచ్చింది నీకు?