గొట్టం దగ్గర తొలి నెత్తుటి జీర
(ఒంగోలులో ఐసీయూ నర్సులు, 108 సిబ్బంది ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన నర్సమ్మలున్నారు. పొదిలి, కనిగిరి వైపు నుంచి వచ్చిన 108 తమ్ముళ్లున్నారు. మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. మెడకు రంధ్రం చేసి ట్యూబు పెట్టిన మనిషికి ఆ దారిన నెత్తురు పడితే ఏం చేయాలి?

మన దగ్గర ఈ ఆపరేషన్, ట్రెకియాస్టమీ, ఎవరికి చేస్తున్నామో మీకు తెలుసు. హైవే మీద తలకు దెబ్బ తగిలి స్పృహ లేకుండా వచ్చిన కుర్రాడికి. పొగాకుకో మిరపకో కొట్టే పురుగుమందు తాగి, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి. అసలు జబ్బు తగ్గుముఖం పట్టి, ఇంట్లోవాళ్లు కాస్త అన్నం తింటున్న సమయంలో వస్తుంది ఈ ప్రమాదం. అందుకే ఇది నన్ను అంతగా బాధపెడుతుంది.

ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజుల్లో పడే నెత్తురు చాలావరకు కోసిన చోటి నుంచే వస్తుంది. చర్మం అంచు, మెడ ముందున్న సిరలు, థైరాయిడ్ గ్రంథి మధ్యభాగం. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. దీన్నీ తేలిగ్గా తీసుకోకూడదు గానీ, ఎక్కడి నుంచి వస్తోందో కనపడుతుంది, ఆపడానికి దారి ఉంటుంది.

నేను భయపడేది మూడో రోజు దాటాక, ఆరు వారాల లోపు వచ్చే నెత్తురుకు. గుండె నుంచి కుడిచేతికి, తలకు కుడివైపు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఒకటి ఛాతీ ఎముక వెనకాల గాలిగొట్టాన్ని అడ్డంగా దాటి పోతుంది. ఇన్నామినేట్ ఆర్టరీ అంటాం. రంధ్రం మరీ కిందికి పెట్టినా, గాలిగొట్టంలో ట్యూబు చుట్టూ ఉబ్బి ఉండే బెలూన్‌లో గాలి ఎక్కువైనా, ట్యూబు కొన ముందుగోడకు ఆనుకుని కదులుతున్నా, బావి ఒరమీద చేంతాడు గాడి పెట్టినట్టు గాలిగొట్టం గోడ అరుగుతుంది. అరిగి అరిగి ధమనిలోకి తెరుచుకుంటుంది. నూరుమందిలో ఒకరికి కూడా రాదు. వస్తే మాత్రం, ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కడు. ఒకటో వారం చివర, రెండో వారంలో ఎక్కువగా చూస్తాం.

ఇలాంటివాళ్లలో దాదాపు సగం మందికి ముందుగా చిన్న రక్తస్రావం అవుతుంది. రెండు మూడు చెంచాల ఎర్రటి నెత్తురు పడి, దానంతటదే ఆగిపోతుంది. "కఫం లాగే సక్షన్ గట్టిగా పెట్టారేమో, అక్కడేదో గీరుకుని ఉంటుందిలే" అనుకుంటాం. నిజమే, చాలాసార్లు అదే అయివుంటుంది. కానీ గీరుకున్నదని తేల్చాల్సింది లోపల చూసినాకే, మంచం పక్కన నిలబడి కాదు. ఆగిపోయింది కదా అని డ్యూటీ మారేటప్పుడు చెప్పకుండా పోకండమ్మా. పెద్ద డాక్టరును అప్పుడే లేపండి, విసుక్కున్నా సరే. గుండె కొట్టుకున్నప్పుడల్లా ట్యూబు కూడా అదురుతుంటే అదీ చెప్పండి. ట్యూబు పీకి చూడొద్దు, బెలూన్ గాలి తీయొద్దు. రక్తం గ్రూపు చూసి సిద్ధం చేయించండి. ట్యూబులోంచి లోపల చూసే పరీక్ష థియేటర్‌లో, సర్జన్ సిద్ధంగా ఉన్నప్పుడు జరగాలి.

ఒక్కసారిగా ధారకట్టిందనుకోండి. మొదట బెలూన్‌లోకి మెల్లగా ఇంకా గాలి ఎక్కించాలి, అవసరమైతే 50 మిల్లీలీటర్ల దాకా. చాలామందిలో ధమని నొక్కుకుని నెత్తురు ఆగుతుంది. ఆగకపోతే డాక్టరు నోటి ద్వారా వేరే ట్యూబు వేసి, దాని బెలూన్ రంధ్రం కిందికి దిగేలా చూసి, మెడలో ట్యూబు తీసేస్తారు. ఆ రంధ్రంలోంచి గాలిగొట్టం ముందువైపుగా కిందికి వేలు దించి, ధమనిని ఛాతీ ఎముకకు అదిమిపట్టాలి. ఆ వేలు థియేటర్‌లో సర్జన్ తీయమనేదాకా తీయకూడదు. స్ట్రెచర్ మీద, లిఫ్టులో, అంబులెన్సులో కూడా. ఛాతీ తెరిచి ఆ ధమనిని కట్టేసే సర్జన్ అన్ని ఊళ్లలో ఉండరు. నెల్లూరుకు పంపాలో, ఇంకా పైకి పంపాలో చిన్న రక్తస్రావం నాడే మాట్లాడి పెట్టుకుంటే ఆ గంటలు మిగులుతాయి.

రాకుండా చూసుకునే పని మాత్రం మీ చేతుల్లోనే ఎక్కువ. ప్రతి డ్యూటీలో బెలూన్ పీడనం మీటరుతో చూడండి, 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. వేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవద్దు. వెంటిలేటర్ పైపు బరువు ట్యూబు మీద పడకుండా ఆసరా పెట్టండి. మనిషిని పక్కకు తిప్పేటప్పుడు ఒకరు ట్యూబు పట్టుకునే ఉండాలి.

ట్యూబుతోనే ఇంటికి పోయేవాళ్లకు డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ తేదీ, ట్యూబు సైజు తెలుగులో పెద్దక్షరాలతో రాసివ్వండి. నెత్తురు పడితే, ఆగినా సరే, అదే గంటలో 108కు ఫోన్ చేయమని ఆ ఇంటి మనిషి చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి.

బల్లమీద బొమ్మ పెట్టాం. ఒక్కొక్కరే వచ్చి వేలు ఎంత లోతుకు పోవాలో, ఎటు అదమాలో చేసి చూడండి. 108 తమ్ముళ్లు ముందు రండి.