యాంటీ-హెచ్‌సీవీ ‘రియాక్టివ్’ వచ్చిందా? ఇంకో టెస్ట్ బాకీ ఉన్నది

నమస్తే. ఈ వీడియో కొంచెం కోపంతోనే చేస్తున్న. కంటి ఆపరేషన్‌కో, గర్భసంచి ఆపరేషన్‌కో ముందు రక్తపరీక్షలు రాస్తరు. అందుల యాంటీ-హెచ్‌సీవీ ‘రియాక్టివ్’ అని వస్తది. హెచ్‌సీవీ అంటే కాలేయానికి సోకే హెపటైటిస్ సి వైరస్, దాని మీద ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలు రక్తంల ఉన్నయా అని చూసే టెస్ట్ ఇది. అంతే, ఆ రోజు సంది ఆ మనిషికి కంచం వేరు, గ్లాసు వేరు. కొందరు కామెర్ల పసరు తాగడానికి గూడ బయలెల్లుతరు. అరె, జబ్బు ఉన్నదని ఎవరు చెప్పిన్రు?

[స్క్రీన్ మీద: వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డ్, మిర్చి బస్తాలు]

సీజన్ల ఎనుమాముల యార్డ్‌కు పోయినోళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తేజ మిర్చి బస్తాలున్న షెడ్డుల అడుగు పెడితే తుమ్ములే తుమ్ములు. సరుకంత లారీలకెక్కినంక పోయి చూడున్రి, ఒక్క బస్తా ఉండదు. తుమ్ములు మాత్రం ఆగవు. యాంటీబాడీ టెస్ట్ పట్టుకునేది ఆ తుమ్మును. బస్తాను కాదు.

వైరస్ ఎప్పుడన్న ఒంట్లకు వస్తే మన ఒళ్లే యాంటీబాడీలు తయారు చేస్తది. వైరస్ పోయినా అవి ఏండ్ల తరబడి, చానామందిల జీవితాంతం, రక్తంల ఉంటయి. వైరస్ ఎట్ల పోతదంటరా? సోకినోళ్లల్ల నూటికి 15 నుంచి 45 మందికి మందు మింగకుండనే ఆరు నెలల్ల పోతది. వాళ్లకు వచ్చినట్టు గూడ తెల్వదు, పోయినట్టు గూడ తెల్వదు. మిగిలినోళ్లకు మందులున్నయి.

ఇంకో సంగతి. తుమ్ము మిర్చికే రావాల్నని ఏం లేదు, దుమ్ముకు గూడ వస్తది. అంటే వైరస్ ఎన్నడూ సోకకున్నా టెస్ట్ పొరపాటున రియాక్టివ్ చూపెట్టొచ్చు.

[స్క్రీన్ మీద: రిపోర్ట్, వేలు ‘ఎస్/సీవో’ అంకె దగ్గర]

ఈ ఎస్/సీవో అంకె చూడున్రి, టెస్ట్‌ల వచ్చిన సిగ్నల్ మెషీన్ పెట్టుకున్న హద్దుకు ఎన్ని రెట్లున్నదో చెప్తది. చానా మెషీన్లల్ల 1 దాటితే రియాక్టివ్. 1.4 లెక్క అంచు మీద వచ్చిందంటే ఉత్తుత్తి పాజిటివ్ అయ్యే అవకాశం ఎక్కువ. 14 వచ్చిందంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందనే మాటకు బలం ఎక్కువ. కానీ 14 అంటే జబ్బు ముదిరిందని కాదు! ఇది వైరస్ లెక్కనే కాదు. ఎవడో గట్టిగ తుమ్మిండని లోపల వెయ్యి బస్తాలున్నట్టా?

మరి బస్తాలున్నయో లేవో ఎట్ల తెలుస్తది? షట్టర్ లేపి చూడాలె. దాని పేరు హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ పీసీఆర్, రక్తంల వైరస్‌నే నేరుగ వెతికే టెస్ట్. వైరస్ ఉంటే కాంటా పెట్టినట్టు ఎంత ఉన్నదో గూడ చెప్తది. ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వస్తే ఇప్పుడు ఇన్ఫెక్షన్ లేదు, దీనికి మందులు అక్కర్లేదు, మీ నుంచి ఎవరికీ అంటదు. ఈ ఆరు నెలల్ల వాడిన సూది గుచ్చుకున్నదో, అనుమానం ఉన్న చోట ఇంజెక్షన్ తీసుకున్నరో అయితే మాత్రం కొన్నాళ్లకు పీసీఆర్ మళ్ల చేపియ్యాలె.

వైరస్ ఉన్నా గూడ కంచంతోని, గ్లాసుతోని అంటదు. ఇది రక్తం దారి పట్టి వస్తది. 2001ల మన దేశంల దాతల రక్తానికి హెచ్‌సీవీ పరీక్ష తప్పనిసరి అయింది. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నోళ్లు ఒకసారి చూపించుకోవాలె. ఇంక చిన్న జ్వరానికి గూడ సూది వెయ్యమని వెంటబడుతరు కదా, ఆ అలవాటు నాకు అస్సలు నచ్చదు.

టైం అయిపోతున్నది, గబగబ చెప్పేస్త. పీసీఆర్‌ల వైరస్ కనపడితే పరేషాన్ కావొద్దు. 2018ల మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మామూలుగ 12 వారాల గోళీలు, నూటికి 95 మందికి పైగ నయమైతది. నయమైనంక యాంటీబాడీ టెస్ట్ మళ్ల చేపియ్యకున్రి, రియాక్టివే వస్తది. ఈ యాంటీబాడీలు కాపలా కాయవు, వైరస్ మళ్ల సోకొచ్చు. దీనికి టీకా లేదు. తల్లికి ఉంటే బిడ్డ రక్తంల తల్లి యాంటీబాడీలు 18 నెలల దాక ఉండొచ్చు, అంతలోపు బిడ్డకు ఆ టెస్ట్ చేసి ఏం లాభం లేదు. యాంటీ-హెచ్‌సీవీ రియాక్టివ్ వచ్చినోళ్లను రక్తదానానికి మాత్రం తీసుకోరు, బాధ పడకున్రి.

పీసీఆర్ రిపోర్ట్ జిరాక్స్ తీసి ఆధార్ కార్డు ఉన్న కవర్లనే పెట్టున్రి. పన్ను పీకించుకోవడానికి పోయినా ముందుగాల అదే చూపియ్యున్రి.